ఓటు ఒక వకాలత్‌నామా

2024 మే 13వ తేదీ. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ, లోక్‌సభకూ ఒకేసారి పోలింగు జరిగిన రోజు. మా మొహల్లా పాఠశాలలోని పోలింగు కేంద్రానికి మేము ఏడు గంటలకే వెళ్ళాము. అప్పటికే ఆడవారి వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆ వరుసలో మా వెనక వీధి వృద్ధురాలు ఒకరు నిలబడి ఉన్నారు. మొహల్లా అంతా ఆమెను ‘దాదీ’ అనే పిలుస్తుంది. వయసు డెబ్భై అయిదు. ఓటరు కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి చేతిలో భద్రంగా పట్టుకున్నారు.

గంటన్నర నిలబడి లోపలికి వెళ్ళిన దాదీ అయిదు నిమిషాలలోనే తిరిగి వచ్చారు. వేలికి సిరా చుక్క లేదు.

“మౌల్వీ సాబ్, నేను చచ్చిపోయానట!” అన్నారు.

గేటు బయట కూర్చున్న ఏజెంట్ల దగ్గర జాబితా తీసుకొని చూశాము. నిజమే. ఆమె పేరు తొలగించబడినట్లు అందులో ఉంది. కారణం మరణం. 1972 నుంచి ఒక్క ఎన్నికా మానని మనిషి తన కార్డును పట్టుకొని ఎండలో నిలబడిపోయారు. పక్కనే ఉన్న మనుమడు, డిగ్రీ చదివిన కుర్రవాడు, “పోనీలే దాదీ! ఒక్క ఓటే కదా. వేసినా వేయకపోయినా వాళ్ళు చేసేది వాళ్ళు చేస్తారు. పద ఇంటికి” అన్నాడు. దాదీ వాడి వైపు చూశారు గాని బదులు చెప్పలేదు.

ఆ కుర్రవాడి మాట వాడొక్కడి మాట కాదు. టీ బంకు దగ్గర, వలీమా విందుల్లో, మా పాఠశాల స్టాఫు గదిలో కూడా ఈ మాట వింటూనే ఉన్నాము. ఓటు వేస్తే చాలు, అన్నీ చక్కబడతాయని నమ్మేవారు కొందరు. ఇదంతా వట్టి మోసమని చేతులు దులుపుకునేవారు మరికొందరు. ఈ ప్రాతినిధ్య ప్రజాస్వామ్యంలోని మేలెంత, లోపమెంత? రెండింటినీ ఒకే త్రాసులో తూచి చూడవలసిన అవసరం నేడు ప్రతి కుటుంబానికీ ఉన్నది.

వకీలు ఎవరు? మువక్కిల్ ఎవరు?

మదర్సాలో ఫిఖ్‌హ్ చదివే రోజుల్లో మాకు ‘వకాలత్’ అనే అధ్యాయం ఉండేది. మనిషి తన పనిని తానే స్వయంగా చేసుకోలేనప్పుడు మరొకరిని తన తరఫున నియమించుకుంటాడు. నియమించినవాడు మువక్కిల్, నియమితుడు వకీలు. వకీలు మువక్కిల్ మేలు కోసమే పని చేయాలి. ఇచ్చిన అధికారం హద్దు దాటకూడదు. మువక్కిల్ తలచుకుంటే వకీలును తొలగించవచ్చు. ఓటును షహాదత్‌గా, సిఫారిష్‌గా, వకాలత్‌గా మూడు విధాలుగా వివరించిన ఉలమాలు ఉర్దూలో ఉన్నారు. అంటే ఓటు వేయడం ఒక సాక్ష్యం చెప్పడం, ఒక సిఫారసు చేయడం, ఒక వకీలును నియమించడం. మూడింటికీ జవాబుదారీ ఉన్నది. ఈ వ్యాసంలో మేము మూడవదాన్నే పట్టుకొని మాట్లాడదలచాము.

ఎందుకంటే మన ఎం.పి., మన ఎమ్మెల్యే ఒక విధంగా మన వకీళ్ళే. నియోజకవర్గంలోని లక్షల మందిమి ఒకచోట కూర్చొని చట్టాలు చేయలేము. పొలం, దుకాణం, బడి, వంట ఇల్లు వదిలి రోజూ సభకు పోలేము. కనుక ఒకరిని పంపుతున్నాము. పంపేటప్పుడు మనం వ్రాసి ఇచ్చే వకాలత్‌నామాయే ఓటు.

మేలు ఎక్కడ ఉంది?

1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలను తలచుకోండి. అప్పటి ఓటర్లు దాదాపు 17 కోట్ల 30 లక్షలు. దేశంలో చదువు వచ్చినవారు అయిదుగురిలో ఒక్కరు కూడా లేని కాలం. అయినా రాజ్యాంగం నవాబుకూ, నవాబు గుర్రపు బండి తోలేవాడికీ తలా ఒక్క ఓటే ఇచ్చింది. అంతకు ముందు ఇంగ్లీషువారి ఏలుబడిలో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు ఉండేది. కూలివాడి చేతికి వకాలత్‌నామా రావడం ఈ దేశ చరిత్రలో అదే మొదలు.

రెండవ మేలు, దించే హక్కు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల నోరు కట్టారు. నాయకులను జైళ్ళలో పెట్టారు. 1976 మార్చిలో ముగియవలసిన లోక్‌సభ కాలాన్ని ఆ సభే పొడిగించుకుంది. వకీలు తన వకాలత్‌నామా మీద గడువు తేదీని తానే దిద్దుకోవడం వంటిది ఈ పని. చివరకు 1977 మార్చిలో ఎన్నికలు జరపక తప్పలేదు. ప్రధాని ఇందిరాగాంధీ సైతం తన రాయ్‌బరేలీలో ఓడిపోయారు. ఒక్క తూటా పేలకుండా అధికారం చేతులు మారింది. ఆ ఎన్నికల్లో ఉత్తరాది ఒక తీర్పు ఇస్తే, మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పక్షాన గెలిచారు. ఎవరి తీర్పు వారిది. రెండు తీర్పులూ లెక్కలోకి వచ్చాయి. 2014, 2019, 2024లలో మన రాష్ట్రంలో మూడుసార్లు ప్రభుత్వం మారిందంటే, ఆ మీట నొక్కిన వేళ్ళు మనవే.

ఈ తీర్పును మన్నించకపోతే ఏమవుతుందో పొరుగు దేశం చరిత్ర చెబుతుంది. 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లో జరిగిన ఎన్నికల్లో మొత్తం 300 సాధారణ స్థానాలకు గాను 160 అవామీ లీగ్ గెలిచింది. అన్నీ తూర్పు భాగంలోనివే. స్పష్టమైన ఆధిక్యమే. అయినా సభను సమావేశపరచలేదు. 1971 మార్చిలో సైన్యాన్ని దింపారు. ఆ ఏడాది ముగిసేలోగా దేశమే రెండు ముక్కలైంది. ప్రజల వకాలత్‌నామాను చించివేసినందుకు లక్షల కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

మూడవ మేలు మనకు మరీ దగ్గరిది. 1909లో ఇంగ్లీషువారు ముస్లింలకు వేరు నియోజకవర్గాలు పెట్టారు. ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటు వేసే పద్ధతి. రాజ్యాంగ సభ దాన్ని రద్దు చేసింది. 1949లో మతపరమైన మైనారిటీలకు సీట్ల కేటాయింపు కూడా వద్దని నిర్ణయించింది. ఆ సభలో ఉన్న ఏకైక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ ఈ నిర్ణయాన్ని సమర్థించారు. గోడ కట్టుకొని లోపల కూర్చుంటే బయటివారితో సంబంధమే తెగిపోతుందని ఆమె భావం. ఉమ్మడి నియోజకవర్గం వల్ల ఏ పార్టీ అభ్యర్థి అయినా మన గడప తొక్కక తప్పదు. మన ఓటు మన వాడికే గాక, మనకు మేలు చేసే ఎవరికైనా పోవచ్చు.

లోపం ఎక్కడ ఉంది?

ఇంత మేలున్న పద్ధతిలో దాదీ మనుమడికి విరక్తి ఎందుకు కలిగింది? వాడి విసుగులో నిజం లేదని కొట్టివేయలేము.

మొదటి లోపం దూరం. 1952లో 489 లోక్‌సభ స్థానాలకు 17 కోట్ల పైచిలుకు ఓటర్లు. అంటే ఒక్కో స్థానానికి సుమారు మూడున్నర లక్షలు. 2024 నాటికి ఓటర్లు దాదాపు 97 కోట్లు, స్థానాలు 543. ఒక్కొక్క ఎం.పి. వెనక సుమారు 18 లక్షల మంది! ఒక వకీలు 18 లక్షల మువక్కిళ్ళ ముఖాలు ఎలా గుర్తుపెట్టుకుంటాడు? మధ్యలో దళారులు పుట్టుకురాక ఏం చేస్తారు?

రెండవ లోపం లెక్కలో ఉంది. మన పద్ధతిలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. మిగిలిన ఓట్లకు సభలో చోటు లేదు. మన రాష్ట్రాన్నే చూడండి. 2019లో తెలుగుదేశం పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి. 175 స్థానాలలో దక్కినవి 23. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీకి కూడా సుమారు 39 శాతమే. దక్కినవి 11. నూటికి 39 మంది మాట సభలో నూటికి ఆరుగురి గొంతుగా మారిపోయింది. ఒకసారి ఒకరికి, మరోసారి ఇంకొకరికి ఇదే అనుభవం. జాతీయ స్థాయిలో 2014లో 31 శాతం ఓట్లతో ఒక పార్టీకి 282 స్థానాలు వచ్చాయి. చెల్లాచెదురుగా ఉన్న సమూహాలకు ఈ పద్ధతిలో మరీ నష్టం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2024లో ఎన్నికైన లోక్‌సభలో అయిదు శాతం కూడా లేరు. బేగం ఐజాజ్ రసూల్ చెప్పిన మేలు నిజమే, ఈ నష్టమూ నిజమే. ఇందుకు బదులుగా, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతి కొన్ని దేశాలలో ఉన్నది. అక్కడ ఏ ఒక్క పార్టీకీ ఆధిక్యం రాక బేరసారాలు పెరుగుతాయన్న ఫిర్యాదూ ఉన్నది. దోషం లేని త్రాసు ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు.

మూడవ లోపం, వకీలుకు ఇద్దరు యజమానులు ఉండటం. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు రెండు వారాలలో మూడుసార్లు పార్టీ మారాడు. ‘ఆయారామ్ గయారామ్’ అన్న మాట అప్పుడే పుట్టింది. ఫిరాయింపులను ఆపడానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. ఉద్దేశం మంచిదే. అయితే ఫలితం ఏమైంది? నియోజకవర్గం ఒకటి కోరినా, మనస్సాక్షి ఒకటి చెప్పినా, పార్టీ చెప్పిన వైపే చెయ్యి ఎత్తాలి. నియమించేది మనం, ఆజ్ఞాపించేది పార్టీ అన్నమాట. పోనీ ఫిరాయింపులైనా ఆగాయా అంటే అదీ లేదు. ఈ కేసుల్లో నిర్ణయం స్పీకరు చేతిలో ఉండటంతో ఏళ్ళు గడిచిపోతున్నాయి. 2025 జూలైలో తెలంగాణకు చెందిన పదిమంది ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలలలో తేల్చమని సుప్రీంకోర్టు స్పీకరుకు చెప్పవలసి వచ్చింది.

నాలుగవది ధనం. అభ్యర్థి ఖర్చుకు హద్దు ఉంది. మన వంటి రాష్ట్రాల్లో 2022 నుంచి లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. పార్టీ తన తరఫున పెట్టే ఖర్చుకు మాత్రం హద్దే లేదు. విరాళం ఇచ్చినవారెవరో ప్రజలకు తెలియకుండా 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. వకీలు ఫీజు ఎవరు కడుతున్నారో మువక్కిల్‌కు తెలియకపోతే, అతడు ఎవరి కోసం వాదిస్తాడో ఎలా తెలుస్తుంది?

ఈ నాలుగవ లోపంలో మన వాటా కూడా ఉన్నది. పోలింగు ముందు రాత్రి తలుపు కొట్టి కవరు ఇచ్చిపోతే తీసుకున్న ఇళ్ళు లేవా? మన మొహల్లాల్లో లేవా? రిష్వత్ తినే గుమాస్తాను తిట్టే నోటితోనే, ఆ కవరును ‘ఖర్చులకు’ అని సమర్థించుకుంటాము. మువక్కిలే వకీలు దగ్గర డబ్బు తీసుకుంటే, రేపు ఏ ముఖంతో లెక్క అడుగుతాడు? కవరుతోనే లెక్క తీరిపోయింది కదా!

అయిదేళ్ళ మధ్యలో ఏం చేయాలి?

అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడ ఉంది. ఫిఖ్‌హ్‌లోని మువక్కిల్ తన వకీలును మధ్యలో తొలగించగలడు. మనం ఎం.పి.నిగాని, ఎమ్మెల్యేనుగాని అయిదేళ్ళ వరకు తొలగించలేము. మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఇవ్వాలని కొందరు అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో 2008లో కొన్ని పట్టణాల ప్రజలు ఓటు వేసి తమ పురపాలక అధ్యక్షులను గడువుకు ముందే దించివేశారు కూడా. అయితే లక్షల మంది ఉన్న నియోజకవర్గంలో ఈ హక్కు ఇస్తే, ఓడినవాడు మరునాటి నుంచే సంతకాల సేకరణకు దిగుతాడు. గెలిచినవాడు కష్టమైన నిర్ణయం ఒక్కటీ తీసుకోడు. కనుక ఈ మందు వాడేముందు చాలా ఆలోచించాలి.

మరి అయిదేళ్ళూ చేతులు కట్టుకొని కూర్చోవాలా? కూర్చోనవసరం లేదని చెప్పే ఘటన మన రాష్ట్రంలోనే జరిగింది. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని తిరిగి వచ్చారు. వచ్చిన కొద్ది రోజులకే గవర్నరు ఆయన ప్రభుత్వాన్ని తొలగించారు. ఆగస్టు 16న నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చింది. ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు. ఆ నెలలోనే గవర్నరు మారారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ప్రమాణం చేశారు. రాజకీయంగా ఆయనను ఇష్టపడినవారూ, పడనివారూ ఆ నెల రోజులలో ఒక సంగతి చూశారు. ఎన్నిక లేని సమయంలో కూడా మువక్కిల్ మేల్కొంటే వకాలత్‌నామా చెల్లుతుంది.

అంత పెద్ద ఉద్యమాలు రోజూ జరగవు, జరగనవసరం లేదు. చిన్న పనులు చాలు. 1993 నుంచి అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం ఇచ్చింది. మన గ్రామాల్లో గ్రామసభకు వెళ్ళి జమా ఖర్చు అడిగేవారు ఎందరు? 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగిన సమాచారాన్ని 30 రోజులలో ఇవ్వాలి. మన వీధి కాలువకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని ఒక కాగితం మీద వ్రాసి అడగడానికి డిగ్రీలు అక్కరలేదు. ఉపాధి హామీ పనుల మీద మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగినప్పుడు కూలీల జాబితాను ఊరందరి ముందు పైకి చదివారు. చనిపోయినవారి పేర్ల మీద కూలి డబ్బులు పోయిన సంగతులు అలాగే బయటపడ్డాయి. ఎక్కడ జాబితాను పైకి చదువుతారో, అక్కడ దొంగకు భయం ఉంటుంది.

జాబితా అనగానే దాదీ మళ్ళీ గుర్తుకు వస్తున్నారు.

ఆమె పేరును తొలగించింది ఎవరు? ఇంటి గడప తొక్కకుండానే వ్రాసుకుపోయిన ఉద్యోగిదే మొదటి తప్పు. ఇందులో సందేహం లేదు. అయితే ఎన్నికలకు ముందు ముసాయిదా జాబితాను ప్రకటించి, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులో మా మొహల్లాలో ఎవరు వెళ్ళి చూశారు? దాదీ ఇంట్లో మూడు సెల్‌ఫోన్లు ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఆమె పేరును వెదకలేదు. నలభై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మేమూ మా పేరొక్కటే చూసుకొని ఊరుకున్నాము. ఇది వ్రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది.

తొలి ఎన్నికల సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. అప్పుడు చాలామంది స్త్రీలు సొంత పేరు చెప్పక, ఫలానా వారి భార్యను, ఫలానా వారి తల్లిని అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. పేరు లేనిదే చెల్లదని ఎన్నికల సంఘం సుమారు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసివేసింది. తరువాతి ఎన్నికలకు స్త్రీలు తమ పేర్లు తాము చెప్పుకోవడం నేర్చుకున్నారు. దాదీ తన పేరు చెప్పారు, కార్డు తెచ్చారు, వరుసలో నిలబడ్డారు. మువక్కిల్‌గా ఆమె చేయవలసింది అంతా చేశారు. చేయనిది మేము, ఆమె ఇంటివారు.

పోలింగు ముగిసిన వారానికి మేము ఆ మనుమడిని పిలిచి మాట్లాడాము. “ఒక్క ఓటే కదా అన్నావు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషీ ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో పడిపోయింది. ఈ సంగతి తెలుసునా?” అని అడిగాము. తెలియదన్నాడు. కాసేపు ఊరుకొని, “అది సరే మౌల్వీ సాబ్. గెలిచినవాడు మన మాట వినకపోతే అప్పుడేం చేయాలి?” అన్నాడు. మంచి ప్రశ్నే. “వినేదాకా అడగాలి బేటా. అడిగేవాడి పేరు ముందు జాబితాలో ఉండాలి కదా!” అన్నాము.

వాడు దాదీ కోసం ఫారం 6 నింపాడు. కొత్తగా పేరు చేర్చుకునేవారు నింపే ఫారమే అది. యాభై ఏళ్ళు ఓటు వేసిన మనిషి కొత్త ఓటరుగా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది! వాడు అంతటితో ఆగలేదు. మా రెండు వీధుల జాబితాను తీసి, ఆదివారాల్లో ఇద్దరు మిత్రులతో ఇంటింటికీ తిరిగాడు. చనిపోయినవారి పేర్లు ఇంకా ఉన్నాయి, పెళ్ళై వచ్చిన కోడళ్ళ పేర్లు లేవు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల పేర్లు లేవు. 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలను లెక్కలోకి తీసుకుంటున్నారు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటవ తేదీలు. పిల్లవాడికి వయసు నిండగానే పేరు వ్రాయించవచ్చు. పేరు తీసివేయడానికి ఫారం 7, తప్పులు దిద్దడానికి, చిరునామా మార్చడానికి ఫారం 8.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇంతే. ఈ పద్ధతిలో లోపాలు ఉన్నాయి. కొన్నిటిని చట్టసభలే సరిచేయాలి. ఓట్ల లెక్క, విప్ కట్టుబాటు, పార్టీల ధనం, ఇవి మన మొహల్లాలో తేలేవి కావు. వాటి గురించి మాట్లాడుతూనే ఉండాలి. అయితే కవరు తిరిగి ఇచ్చివేయడం, గ్రామసభకు వెళ్ళడం, జాబితాలో అమ్మ పేరు, నానీ పేరు చూడటం, గెలిచినవాడిని ఆరు నెలలకొకసారి కలిసి వ్రాతపూర్వకంగా లెక్క అడగడం, ఇవి మన చేతిలో ఉన్నవి. ఈ జుమా సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఒక్క పావుగంట ఈ పనికి కేటాయించండి.

కొన్ని నెలల తరువాత దాదీకి కొత్త కార్డు వచ్చింది. మాకు చూపించడానికి స్వయంగా నడిచి వచ్చారు. పాత కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలోనే దాన్నీ పెట్టుకున్నారు. “ఈసారి ముందుగానే చూస్తానన్నాడు మా వాడు” అని చెప్పి, మనుమడి భుజం పట్టుకొని మెట్లు దిగారు.